కూర్-షెవెర్నీ, రొమొరాంతాఁ ద్రాక్ష: మీరు తాగింది పాడైన వైన్ కాదు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి పనికొస్తుంది. కుటుంబంతో ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట కోటలు చూడ్డానికి వెళ్లారు. బ్లువా ఊళ్లో భోజనం దగ్గర ఇక్కడి తెల్ల వైన్ ఏదైనా ఇమ్మంటే 2022 నాటి కూర్-షెవెర్నీ సీసా తెచ్చి మంచుబకెట్‌లో నిలబెట్టారు. వాసన చూస్తే తేనె, నోట్లో పోసుకుంటే పళ్లు పులిశాయి. బిరడా అడుగున గాజుపొడి లాంటి పలుకులు కనిపించాయి. వెంట ఉన్న మిత్రుడు "ఇది వెనిగర్ అయిపోయింది, తిప్పి పంపాల్సింది" అన్నాడు. ఆ వైన్ చేసే రొమొరాంతాఁ అనే ద్రాక్ష పేరు మీరు జన్మలో వినలేదు. ఇది నిజంగానే అరుదా, లేక కోటలు చూడ్డానికొచ్చిన వాళ్లకి అంటగట్టే సరుకా? హైదరాబాద్ తెచ్చుకోదగ్గదేనా? మీ తాతగారికి శామీర్‌పేట దగ్గర అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోట ఉండేదట కాబట్టి, ఒక కొమ్మ తెచ్చి నాటితే బతుకుతుందా?

మాది తెనాలి. పద్నాలుగేళ్లుగా ఆ లువార్ ప్రాంతంలోనే, తూర్ నగరంలో వైన్ దుకాణంలో పనిచేస్తున్నాను. కూర్-షెవెర్నీ అమ్మడం మా కొట్లో అన్నిటికంటే కష్టమైన పని. మీలాగే మొదటిసారి తాగినవాళ్లలో సగంమంది మొహం ముడుచుకుంటారు. నేనూ ముడుచుకున్నాను.

పులుపు సంగతి ముందు తేల్చుకుందాం. వెనిగర్ అయిందీ లేనిదీ నాలుకకంటే ముందు ముక్కే చెప్తుంది. వెనిగర్‌లో ఉండే అసెటిక్ ఆమ్లం గాలిలోకి లేస్తుంది, గ్లాసు దగ్గర పెట్టగానే ఘాటు తగులుతుంది, దానికి తోడు గోళ్లరంగు వాసన కూడా వస్తుంది. మీకు తగిలింది తేనె వాసన. అంటే ఆ పులుపు వైన్ పాడై వచ్చింది కాదు, కాయలోంచి వచ్చిందే. ద్రాక్షలో ప్రధానంగా రెండు ఆమ్లాలుంటాయి. ఒకటి మాలిక్, పచ్చి ఆపిల్ కొరికితే తెలిసేది. రెండోది టార్టారిక్. ఈ రెండోది పండ్లలో ఎక్కువ మోతాదులో దొరకడం అరుదు. ద్రాక్ష కాకుండా అది దండిగా ఉండేది మన చింతపండులోనే. రెండింటికీ వాసన లేదు. మిమ్మల్ని పళ్లు పులిసేలా చేసినదాంట్లో సగం మన పులుసుగిన్నెలో రోజూ ఉండేదే.

గాజుపొడి కూడా అదే. టార్టారిక్ ఆమ్లం పొటాషియంతో కలిసి, చల్లదనానికి పలుకులుగా పేరుకుంటుంది. పెద్ద కంపెనీలు సీసాలో పోసేముందే వైన్‌ని గడ్డకట్టే చలికి దగ్గరగా ఉంచి వాటిని తీసేస్తాయి, కొనేవాళ్లు బెదిరిపోతారని. చిన్న రైతులు చాలామంది ఆ తంటా పడరు. గ్లాసులోకి వస్తే అడుగున వదిలేయండి, మింగినా ఏమీ కాదు.

మరి అంత పులుపుగా ఎందుకుంది? ఒక కారణం ఆ ద్రాక్ష స్వభావం, దాని దగ్గరికి వస్తాను. రెండో కారణం మంచుబకెట్. చల్లదనం వాసనల్ని అణిచేసి పులుపునీ వగరునీ పైకి తోస్తుంది. ఈ వైన్‌ని 10 నుంచి 12 డిగ్రీల మధ్య తాగాలి, ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట పెట్టినంత. మూడోది, అసలైనది: అది మరీ లేత సీసా. కొత్త చింతపండుకీ పాత చింతపండుకీ తేడా మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. కొత్తది పచ్చిగా కొరుకుతుంది. నల్లబడ్డ పాతదానిలోనూ పులుపు ఉంటుంది, కానీ దాని చుట్టూ ఇంకేదో పేరుకుని ఉంటుంది. రొమొరాంతాఁ సరిగ్గా అంతే. ఏళ్లు గడిచినా ఆమ్లం పెద్దగా తగ్గదు. దాని పక్కన తేనెమైనం, దబ్బపండు తొక్క, ఎండు గడ్డి, ఒక్కోసారి అక్రోటు, ఇవన్నీ వచ్చి కూర్చుంటాయి. మంచి సంవత్సరం సీసా పదేళ్లు నిలబడుతుంది, కొన్ని ఇరవై కూడా. మీకు రెస్టారెంటువాళ్లు చేసిన అన్యాయం పాడైన సీసా ఇవ్వడం కాదు, పసిపిల్లాడిని తెచ్చి కచేరీ చేయమనడం. వాళ్లనీ అనలేం, పాత సరుకు నిలవబెట్టుకోవడం డబ్బుతో పని.

ఇక పేరు. రొమొరాంతాఁ అన్నప్పుడు చివర న్ పలకరు, మన అరసున్నాలా ముక్కులోకి వదిలేస్తారు. అది ఒక ఊరి పేరు, ఇప్పుడు రొమొరాంతాఁ-లాంతనే అంటారు. తమాషా ఏమిటంటే ఆ ఊరు కూర్-షెవెర్నీకి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది, ఈ వైన్ తయారుచేసే హద్దుల్లో లేనేలేదు. బనగానపల్లె మామిడి బనగానపల్లెలోనే కాయాలని రూలు లేదు కదా, అలాంటిదే.

ఆ ఊరి పేరు ద్రాక్షకి రావడం వెనక ఒక రాజుగారి కథ చెప్తారు. రాజు మొదటి ఫ్రాన్స్వా తల్లి లూయీజ్ ద సవ్వా రొమొరాంతాఁలో ఉండేది. ఆయన భార్య క్లోద్ రాణి పుట్టింది కూడా అక్కడే, 1499లో. లియొనార్డో డావించీని 1516లో ఫ్రాన్స్‌కి పిలిపించుకున్నాక, రొమొరాంతాఁలో కొత్త రాజనగరం కట్టడానికి ఆయనచేత నక్షాలు కూడా గీయించాడు రాజు. అది కాగితం మీదే ఆగిపోయింది. 1519లో లియొనార్డో అంబువాజ్‌లో చనిపోయాడు, అదే ఏడు షాంబోర్ కోట పనులు మొదలయ్యాయి. ఆ రోజుల్లోనే తూర్పు ఫ్రాన్స్‌లోని బుర్గోఞ్ (బర్గండీ) నుంచి 80,000 ద్రాక్షమొక్కలు తెప్పించి తల్లి ఊరి దగ్గర నాటించాడని కథ. ప్రతి సీసా వెనకా, ప్రతి కరపత్రంలోనూ ఈ 80,000 అంకె ఉంటుంది. నేనూ కొట్లో చెప్తాను, సీసా అమ్ముడుపోతుంది. కానీ వచ్చిన మొక్కలు ఈ రకానివేనని ఆ కథలో ఎక్కడా లేదు. (అదే ఊళ్లో 1521 జనవరిలో ఉత్తుత్తి కోటముట్టడి ఆట ఆడుతుంటే, కిటికీలోంచి ఎవరో విసిరిన మండుతున్న కొరకంచు రాజు నెత్తిన పడింది. గాయానికి జుట్టు కత్తిరించాల్సి వచ్చి గడ్డం పెంచాడు, దాంతో దర్బారంతా గడ్డాలు పెంచిందట. ద్రాక్షకి సంబంధం లేదు, కానీ ఆ ఊరి గురించి నాకు నచ్చిన ముక్క ఇదే.)

కథ కంటే డీఎన్‌ఏ గట్టిది. 1999లో అమెరికాలోని డేవిస్ విశ్వవిద్యాలయం, ఫ్రాన్స్‌లోని మోంపెలియె పరిశోధకులు కలిసి ఈశాన్య ఫ్రాన్స్ ద్రాక్షరకాల పుట్టుక తేల్చారు. పదహారు రకాలు ఒకే జంటకి పుట్టిన పిల్లలని బయటపడింది. ఒకవైపు పినో, రాజులకి, మఠాలకి ఇష్టమైన కులీన ద్రాక్ష. ఇంకోవైపు గువె బ్లాఁ, పేద రైతులు పల్లపు నేలల్లో వేసుకునే నాసిరకం. దాన్ని పీకేయమని చాలాచోట్ల ఉత్తర్వులు కూడా వచ్చాయి. ఈ పొత్తుకి పుట్టినవాళ్లలో షార్డొనే ఉంది, గమె ఉంది, అలిగొతె ఉంది, సముద్రతీరంలో మస్కదె వైన్ ఇచ్చే మెలోఁ ఉంది. వాటితో పాటు రొమొరాంతాఁ ఉంది. అంటే ప్రపంచమంతా తిరిగిన షార్డొనేకి ఇది సొంత తోబుట్టువు. ఒకరు అమెరికా వెళ్లి స్థిరపడితే ఇంకొకరు ఊరు కదలకుండా ఇంటిపట్టునే ఉన్నట్టు. ఈ కుటుంబం ఆ వైపుదే కాబట్టి బుర్గోఞ్ సంబంధం నమ్మదగ్గదే, రాజుగారి అంకె మాత్రం మీ ఇష్టం.

పూర్వం ఇది ఆ చుట్టుపక్కల ఇప్పటికంటే చాలా విరివిగా ఉండేది. తర్వాత ఫిలోక్సెరా వచ్చింది. 1860ల్లో అమెరికా నుంచి మొక్కలతో పాటు దిగుమతి అయిన ఒక చిన్న పురుగు, వేళ్లు పీల్చి చంపేస్తుంది. ఒక్క తరంలో ఫ్రాన్స్ తోటల్లో చాలాభాగం కూలిపోయాయి. దానికి దొరికిన మందు మన మామిడి రైతుకి బాగా తెలిసినదే: అంటు. పురుగుకి తట్టుకునే అమెరికన్ ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి కొమ్మ అంటుకట్టడం. మళ్లీ తోట వేయాలంటే ప్రతి మొక్కా కొనాలి, అంటు కట్టాలి. అంత ఖర్చు పెట్టేటప్పుడు రైతు ఏది వేస్తాడు? తొందరగా పండేది, సులభంగా అమ్ముడుపోయేది. సోవిన్యోఁ అనే తెల్ల ద్రాక్ష వేశారు. ఆలస్యంగా పండి, మబ్బుపట్టిన ఏడాదిలో నిమ్మరసంలా ఉండే రకాన్ని ఎవరు వేస్తారు? అరుదు అనే మాట వెనక మాయ ఏమీ లేదు, ఈ లెక్కే ఉంది.

చెప్పుకోదగ్గ మినహాయింపు ఒకటుంది. అక్కడికి కొంచెం దక్షిణంగా స్వాఁ-జన్-సొలోఞ్ అనే ఊళ్లో ఆఁరి మారియొనె కుటుంబానికి ఒక పాత రొమొరాంతాఁ తోట ఉంది. 1850 ప్రాంతం నాటిదని చెప్తారు, అంటే ఫిలోక్సెరాకి ముందుది, అంటు లేకుండా సొంత వేళ్ల మీద నిలబడ్డది. ఆ సొలోఞ్ ప్రాంతమంతా ఇసుక, చెరువులు, అడవి. ఇసుకలో ఆ పురుగు బతకలేదు. దాంతో చేసే వైన్ పేరు ప్రొవిన్యాజ్. ఆ మాటకి అర్థం నేలఅంటు: పాత తీగని వంచి మట్టిలో పూడ్చి, వేళ్లు పుట్టాక కొత్త మొక్కగా పెంచడం. మనవాళ్లు మల్లెకీ జామకీ చేసేదే. ఆ తోట హద్దుకి బయట ఉంది కాబట్టి సీసా మీద కూర్-షెవెర్నీ అని రాసుకునే హక్కు లేదు. ధర కూడా మామూలు కూర్-షెవెర్నీకి అందనంత దూరంలో ఉంటుంది. ఒక్కసారి తాగాను. గొప్పగా ఉంది. అయితే ఆ డబ్బుతో ఆరు మంచి సీసాలు కొని పదేళ్లు దాచమని చెప్పేవాడిని నేను.

హద్దు అన్నాను కదా, చాలామంది బోల్తాపడేది అక్కడే. షెవెర్నీ వేరు, కూర్-షెవెర్నీ వేరు. రెండు పక్కపక్క ఊళ్లు, రెండు వేర్వేరు అప్పెలాసియన్లు. అప్పెలాసియన్ అంటే మన భౌగోళిక గుర్తింపు లాంటిది, ఇంకా గట్టిది. ఏ పొలం లోపలికి వస్తుందో, ఏ రకం వేయాలో, ఎకరాకి ఎంత దిగుబడి మించకూడదో అన్నీ చట్టంలో ఉంటాయి. 1973లో ఆ ప్రాంతానికి రెండో మెట్టు గుర్తింపు వచ్చింది. 1993లో పై మెట్టు ఎక్కించేటప్పుడు రెండుగా చీల్చారు. షెవెర్నీ తెల్లది తప్పనిసరిగా కలగలుపు, సోవిన్యోఁ ప్రధానంగా, షార్డొనే లాంటివి తోడు. షెవెర్నీ పేరుతో ఎరుపూ గులాబీ రంగువీ కూడా ఉంటాయి. కూర్-షెవెర్నీ తెలుపొక్కటే, అదీ నూటికి నూరుపాళ్లు రొమొరాంతాఁ. ఇంకే రకమూ ఒక్క చుక్క కలపకూడదు. పదకొండు ఊళ్లకే ఆ హక్కు. తోటలన్నీ కలిపితే 60 హెక్టార్లకి అటూ ఇటూ, అంటే మన లెక్కలో నూటయాభై ఎకరాలు. లువార్‌లోనే పేరున్న సాఁసేర్ అప్పెలాసియన్ ఒక్కటే దాదాపు 3,000 హెక్టార్లు. ఇంతకంటే మీరు పేరు వినకపోవడానికి కారణం అక్కర్లేదు.

ఆ చీలిక అప్పట్లో రొమొరాంతాఁని మూలకి నెట్టడంలాగే కనిపించి ఉండాలి. నా మటుకు నాకు అదే దాన్ని బతికించింది అనిపిస్తుంది. కలగలుపులో కలిసి ఉంటే ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతూ కనుమరుగయ్యేది. విడిగా ఒక పేరు ఇచ్చి, ఆ పేరు కావాలంటే ఇదే వేయాలి అని కట్టుబాటు పెట్టేసరికి, మొండివాళ్లు కొంతమంది దాన్ని పట్టుకుని వేలాడారు. ఇప్పుడు వాళ్ల పిల్లలు వేలాడుతున్నారు. 2015లో షాంబోర్ కోటవాళ్లు కూడా తమ ఆవరణలో 14 హెక్టార్ల తోట మళ్లీ వేసి, అందులో మారియొనె పాత తోట నుంచి తెచ్చిన రొమొరాంతాఁకి చోటిచ్చారు.

మళ్లీ వెళ్తే ఎవరిది కొనాలంటే: ఫ్రాన్స్వా కజాఁ వాళ్ల ల పెతీ షాంబోర్, నా ఓటు ముందు దానికే. వాళ్ల దగ్గర రెండు రకాలుంటాయి. ఒకటి పొడిది, అంటే తీపి మిగలనిది. రెండోది బాగా ఎండ కాసిన ఏడాదుల్లో ఆలస్యంగా కోసి, ద్రాక్షలోని తీపి కొంచెం మిగిల్చి చేసేది, పేరు రెనెసాఁస్. మీలాగా పులుపుకి బెదిరినవాళ్లకి నేను చేతిలో పెట్టేది ఆ రెండోదే. తీపి ఉందని తెలియదు, పులుపు కోరలు మాత్రం పోతాయి. దే యుఆర్ తోటవాళ్లది శుభ్రంగా, గీతగీసినట్టు ఉంటుంది. ఫిలిప్ తెసియే, ఎర్వె విలమాద్ కొంచెం స్వేచ్ఛగా, మందులు తక్కువ వాడి చేస్తారు, ఏడాదికీ ఏడాదికీ తేడా కనిపిస్తుంది. తోట దగ్గర కొంటే మామూలు సీసా 10 నుంచి 20 యూరోల మధ్య ఉంటుంది. షెవెర్నీ కోట గేటు పక్కనే ఆ ప్రాంతపు వైన్‌ల ఇల్లు ఒకటి ఉంది, పిల్లలు కోటలో వేటకుక్కల్ని చూస్తుంటే మీరు అక్కడ రుచి చూడొచ్చు. పాత సంవత్సరం ఏదైనా ఉందా అని నోరు తెరిచి అడగండి. అడిగినవాళ్లకి కొన్నిసార్లు లోపలి నుంచి తీసుకొస్తారు. 2016, 2021ల్లో వసంతకాలపు మంచు లువార్ తోటల్ని కాల్చేసింది, ఆ ఏళ్ల సీసాలు తక్కువ.

దేనితో తినాలి? అక్కడివాళ్లు మేకపాల చీజ్‌తో తింటారు. బూడిద పూసి ఉండే సెల్-స్యుర్-షేర్ ఆ పక్క ఊరిదే. నదిచేపకి వెన్న సాస్ వేసి తింటారు. సూత్రం తేలిక: తిండిలో పులుపుంటే వైన్ పులుపు తగ్గినట్టు అనిపిస్తుంది, కొవ్వుంటే వైన్ దాన్ని కోస్తుంది, కారం ఉంటే రెండూ కొట్టుకుంటాయి. ఈ లెక్కన మన గోంగూర మాంసం జోలికి వెళ్లకండి, పులుపు సరే గానీ కారం గెలుస్తుంది. కొరమీను వేపుడు కారం తగ్గించి చేస్తే బాగుంటుంది. ఒక సంక్రాంతికి ఎనిమిదేళ్ల సీసాని నిమ్మకాయ పులిహోరతో తాగాను. మా ఆవిడ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది, కానీ అంత కుదిరిన జత నేను ఫ్రెంచి బల్ల మీద కూడా తక్కువే చూశాను.

ఇంటికి తేవడం: సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్లు తెచ్చుకోవచ్చు. ముప్పావు లీటరు సీసాలు రెండే పడతాయి, మూడోది పెడితే 2.25 అవుతుంది. ఇద్దరు వెళ్తే నాలుగు. చెకిన్ సంచిలో బట్టల మధ్య చుట్టి పెట్టండి. అసలు ప్రమాదం విమానంలో కాదు, హైదరాబాద్ ఎండాకాలంలో. అటక మీద పెట్టారంటే ఒక్క మే నెల చాలు, పదేళ్లు ఆగాల్సిన వైన్ ఉడికిపోతుంది. వైన్ ఫ్రిజ్ లేకపోతే మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పడుకోబెట్టి రెండు మూడేళ్లలో తాగేయండి. తెరిచాక తొందర లేదు. బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడోరోజు మొదటిరోజుకంటే బాగుంటుంది. ఇది ఈ వైన్ చాలా సీసాల్లో నేను చూసిన విషయం. లేత సీసా ఒకటి దొరికితే ముందే జగ్గులోకి వంపి గంట గాలి తగలనివ్వండి.

కొమ్మ సంగతి. వద్దండీ. మొక్క భాగాలు తేవాలంటే మన దేశ క్వారంటైన్ చట్టం ప్రకారం ముందే దిగుమతి పర్మిట్, అక్కడి ప్రభుత్వ ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. సంచిలో కొమ్మ వేసుకొచ్చి ఫ్రాన్స్‌లో ఏం జరిగిందో పైన చెప్పాను. అనుమతులన్నీ దొరికినా తీగ ఇంకో చిక్కు పెడుతుంది. తాతగారి తోటలో ఏడాదికి రెండుసార్లు కత్తిరింపు చేసేవారు, ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి, గుర్తుండే ఉంటుంది. అక్కడ చలికి తీగ దానంతటదే నిద్రపోతుంది, మన దగ్గర చలి చాలదు కాబట్టి కత్తెరతో నిద్రపుచ్చి లేపాలి. కాయ పండేది ఫిబ్రవరి, మార్చి ఎండల్లో. ఆ వేడికి ముందు కరిగిపోయేది మాలిక్ ఆమ్లం. రొమొరాంతాఁలోంచి పులుపు తీసేస్తే మిగిలేది పేరొక్కటే. ఆ స్థలంలో మళ్లీ ఏదైనా వేయాలనుంటే అనాబ్-ఎ-షాహీయే వేయండి, ఈసారి డాగ్‌రిడ్జ్ అనే ద్రాక్ష వేరు మీద అంటుకట్టిన మొక్కలు తీసుకోండి, నీటి ఎద్దడికీ ఉప్పునీళ్లకీ తట్టుకుంటాయి.